పద్దెనిమిది మూరల ఊపిరి

మా అవ్వకు ఇంట్లో ఆక్సిజన్ రాసిచ్చిన డాక్టరమ్మ పోయిన మంగళవారం చనిపోయారు. తిరుపతిలోని ఆమె క్లినిక్ నుంచి నర్సక్క ఫోన్ చేసి చెప్పింది. ఆ మాట అవ్వకు ఎలా చెప్పాలో తెలియక చాలాసేపు వంటింట్లోనే నిలబడ్డాను.

చంద్రగిరిలో మా ఇంటి గడప దగ్గరే అవ్వ పూలు కట్టి అమ్ముతుంది. ఏళ్ల తరబడి ఊదిన కట్టెల పొయ్యి ఆమె ఊపిరితిత్తులను తినేసింది. మొదటిసారి దగ్గు, జ్వరంతో తీసుకెళ్లినప్పుడు, "ఇంటికి ఆక్సిజన్ రాసేయండి మేడమ్" అని నేనే తొందరపడ్డాను. డాక్టరమ్మ రాయలేదు.

"జబ్బు ముదిరి ఉన్నప్పుడు సూసి రాయకూడదు పాపా. కుదురుకున్నాక మళ్లా పిల్చుకోని రా."

రెండు నెలల తర్వాత మణికట్టు దగ్గర రక్తం తీసి పరీక్షించాకే రాశారు. అవ్వ వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టి, అంకె నిలకడయ్యేదాకా కనకాంబరాల ధర అడగడం డాక్టరమ్మ అలవాటు.

ఎలా వాడాలో తెలుగులో నన్నే రాసుకోమన్నారు. "అవసరమైనప్పుడు పెట్టుకోవాలి" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. ఆమె కొట్టేశారు.

"మీ అవ్వ ఎప్పుడన్నా అవసరమని ఒప్పుకుంటాదా? ఇది ఆయాసమొచ్చినప్పుడు పెట్టుకునేది కాదు. రోజుకు పదహారు గంటలని రాయి. ఆక్సిజన్ మిషను మీది అంకె పెంచకూడదని కూడా రాయి."

మాటల మీద అప్పుడప్పుడే మోజు పడుతున్న నాకు, అందమైన మాట కూడా మనిషి ఊపిరికి అడ్డం పడుతుందని ఆ రోజు తెలిసింది.

మిషను ఇంటికొచ్చింది. అవ్వ ముట్టలేదు. "ముక్కుకు గొట్టం పెట్టి మంచానికి కట్టేస్తారా? నా పూలెవరు కట్టేది?" అని ఒకటే రగడ. నేను ఫోన్ చేస్తే, ఆదివారం డాక్టరమ్మే వచ్చేశారు.

"యాడ కూసుంటావు అవ్వా, సూపించు."

"ఆడ, గడప కాడ. మీ గొట్టం ఆడికి రాదు లే."

"మిషను కాడి నుంచి ఎన్ని మూరలో కొలువు. పూలమ్మే మూర ఒద్దు, అసలు మూర!"

అవ్వ నవ్వీ నవ్వీ దగ్గింది. "మీకెప్పుడు తక్కువేసినాను తల్లీ?" అంటూ మోచేత్తో కొలిచింది. పద్దెనిమిది మూరలు. డాక్టరమ్మ అంత పొడవు గొట్టమూ రాసిచ్చారు. పోతూ పోతూ, ఆక్సిజన్ దగ్గర నిప్పు ఉండకూడదని దేవుడి దీపాన్ని పక్కగదికి మార్పించారు.

"స్వామికి ఏ గదైనా ఒకటే. నీకే కాదు."

అయినా రోజూ గొడవే. పూలకు ఎవరొచ్చినా అవ్వ గొట్టం తీసి కొంగు కింద దాచేది. "డాక్టరమ్మకు ఫోన్ చేస్తా" అంటేనే మళ్లీ పెట్టుకునేది. ఇక ఎవరి పేరు చెప్పి బెదిరించాలి?

చివరికి చెప్పాను. అవ్వ మెల్లగా వెళ్లి గడప దగ్గర కూర్చుంది. మల్లెల కోసం ఇద్దరు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్లు చూస్తుండగానే గొట్టం ముక్కుకు తగిలించుకుని, "మిషను ఎయ్యి పాపా" అంది. కన్నీళ్లు చెంపల మీది గొట్టం వెంబడి జారుతుంటే, చెంపలను వదిలేసి, కొంగుతో గొట్టాన్ని తుడిచింది.