బెంగళూరు విమానం రద్దయిన రోజు

కొల్లాపూర్ మైసయ్య కాల్వ పనుల్లో రాళ్లు కొట్టి కూతురు మెర్సీని డిగ్రీ దాకా చదివించాడు. కృష్ణా నది దాటితే వేరే రాష్ట్రం. అక్కడి చిన్న విమానాశ్రయంలో ఆమెకు కౌంటర్ ఉద్యోగం దొరికినప్పుడు వాడకట్టంతా చర్చిలో ప్రార్థన పెట్టించింది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం బెంగళూరు విమానం రద్దయింది. లాభం చూసుకుని కంపెనీ దాన్ని వేరే ఊరికి మళ్లించింది.

"వాతావరణం బాలేదని చెప్పు. అప్పుడు నష్టపరిహారం ఇవ్వక్కర్లేదు" అని మేనేజర్ కృష్ణకాంత్ గదిలోకి వెళ్లి తాళం వేసుకున్నాడు.

ప్రయాణికులు పొద్దుటినుంచి తిండి లేకుండా కూర్చున్నారు. మెర్సీ నోట వాతావరణం అన్న మాట రాగానే కోస్గి ఎల్లేష్ అనే ప్రయాణికుడు కౌంటర్ మీదికి దూకాడు. బెంగళూరు దవాఖానలో అతని తల్లి చావుబతుకుల్లో ఉంది.

"మబ్బు ఏడున్నదే? సూపెట్టు!" అంటూ మెర్సీ జుట్టు పట్టి తలను బల్లకేసి కొట్టాడు. కనుబొమ్మ చిట్లింది. నెత్తురు కంట్లోకి దిగింది. ఎవరో కంప్యూటర్ ఎత్తి నేలకేసి బద్దలు కొట్టారు.

మెర్సీకి నొప్పి తెలియలేదు. ఒళ్లంతా కోపమే. తన దగ్గరున్న రెండో తాళంచెవితో గది తెరిచి, కృష్ణకాంత్‌ను కాలర్ పట్టి బయటికి ఈడ్చుకొచ్చింది. ఇన్నాళ్లూ ఉద్యోగంలో దాచుకున్న ఇంటి భాష బయటపడింది.

"మబ్బు లేదు, ఏం లేదు! విమానాన్ని వేరే ఊరికి తోలిన్రు. ఇంకో విమానం ఎక్కుతరో, పైసలు వాపస్ తీసుకుంటరో మీ ఇష్టం. నష్టం గుడ కట్టియ్యాలె. గీయన్నే అడుగుర్రి!"

ఎవరూ అడగలేదు. వరుస కోసం నిలబెట్టిన ఇనుప కడ్డీ గాల్లోకి లేచింది. కృష్ణకాంత్ దవడ విరిగిన చప్పుడు మెర్సీకి స్పష్టంగా వినిపించింది. కింద పడ్డవాణ్ని చుట్టూ చేరి తన్నసాగారు. ప్రాణం తీసేలా ఉన్నారు. ఆమె అతని మీద పడి అడ్డుకుంది.

"సంపుతరా? సంపితే విమానం వస్తదా?"

ఒక తన్నుకు ఆమె పక్కటెముక విరిగింది. భద్రతా సిబ్బంది లాఠీలతో వచ్చారు. వాళ్లు ఎల్లేష్‌ను చెయ్యి విరిగేదాకా కొట్టడం ఆమె నేలమీద నుంచే చూసింది.

ఆమె మాటలు ఎవరో ఫోన్‌లో తీసి బయటపెట్టారు. దాంతో కంపెనీ దిగొచ్చి అందరికీ పరిహారం కట్టింది. మెర్సీని మాత్రం ఉద్యోగంలోంచి తీసేసింది.

కేసు విచారణ రోజు కోర్టు వరండాలో ఎల్లేష్ ఎదురుపడ్డాడు. "తప్పయింది అక్కా."

"మీ అమ్మ ఎట్లున్నది?"

"నేను జైల్ల ఉన్నప్పుడే పోయింది."

మెర్సీ అతని పక్కనే బెంచీ మీద కూర్చుంది. తర్వాత బోనెక్కి, తన తల పగలగొట్టింది అతనేనని చెప్పింది. మేనేజర్‌ను గుంపు ముందుకు ఈడ్చింది మాత్రం తానేనని, ఎవరూ అడగకుండానే చెప్పింది.