గుహల తాడు, బావిలో గొర్రె

మీ గొర్రె ఎండిన బావిలో పడితే దిగేదెవరు? మీరా? అబద్ధమాడకండి!

గుహల్లోకి దిగడం మా బావకు నలభై ఏళ్ల పిచ్చి. ఇప్పుడు మోకాళ్లు మెట్లు కూడా ఎక్కనివ్వడం లేదు. తన తాళ్లు, హెల్మెట్లు, తలకు కట్టుకునే లైట్లు మంచి చేతుల్లో పెట్టమని నాకు అప్పగించాడు. నేను పాస్టర్ని కాబట్టి ఈ ఉదయం చర్చి ప్రార్థనలో ప్రకటించాను. ఒకాయన శెనక్కాయ మూటలు కట్టడానికి తాడు అడిగాడు, ఇంకొకాయన షామియానాకు అడిగాడు. బావ ఇద్దరినీ పొమ్మన్నాడు.

చివరికి ముదిగుబ్బ వైపు గొర్రెలు మేపే ఓబులేసు వచ్చాడు. బావుల్లో పడిన గొర్రెలను బయటికి తీసేది అతనే.

"ఇన్నేళ్లు ఏం కట్టుకొని దిగినావప్పా?" అన్నాడు బావ.

"మా ఆడోళ్ల పాత చీర సార్."

"పైన పట్టుకునేదెవరు?"

"యెవురుంటే వాళ్లు. ఒగసారి ఈ అయ్యగారే పట్టుకున్యాడు. నేను సగం దిగినాక రెండు చేతులెత్తి ప్రార్థన చేసినాడు. నేను పోయి గొర్రె పక్కన పడినా. నడుము ఇప్పటికీ పట్టేస్తాది."

గుంటలో పడిన గొర్రెను విశ్రాంతి దినాన కూడా తీయాలని ఇరవై ఏళ్లుగా బోధిస్తున్నాను. తాడు ఎలా పట్టుకోవాలో బైబిలు వాక్యంలో లేదు.

అరిగిపోయిన పాత తాళ్లను నమ్మి ఎవరూ దిగకూడదని బావ వాటిని ముక్కలుగా కోసేశాడు. కొత్తది ఓబులేసుకిచ్చి, నాకు గంటసేపు తాడు పట్టడం నేర్పించాడు.

ఇంకో తాడు, రెండు హెల్మెట్లు మిగిలాయి. మీ ఊర్లో బావిలోకి దిగే మనిషి ఎవరు? గొర్రె మనకు చెప్పి పడదు. ఆ పేరు ఈరోజే, ఇప్పుడే నాకు రాసి పంపండి!