ఎవరి అన్నం వాళ్ళే కలుపుకునే ఇల్లు: బాన్సువాడలో ఒక రోజు

"అక్కా, నువ్వు లేకుంటే నాకు అన్నం ఎవరు కలుపుతరు?" అని మా తమ్ముడు శీను అడిగాడు. ఈ ప్రయాణం అక్కడ మొదలైంది. శీనుకు ముప్పై నాలుగేళ్ళు. పుట్టినప్పటి నుంచీ బుద్ధి ఎదుగుదల నెమ్మది. చదవడం, లెక్కపెట్టడం రావు. పాట మాత్రం ఒక్కసారి వింటే చాలు, పట్టేస్తాడు. అమ్మ పోయాక పన్నెండేళ్ళుగా నిజామాబాదులో నా దగ్గరే ఉంటున్నాడు. వచ్చే నెల నాకు వెన్ను ఆపరేషన్. వంగొద్దు, బరువులెత్తొద్దు, నెలల తరబడి ఒకరి మీద ఆధారపడాలి అన్నారు డాక్టరుగారు. మరి వీడి సంగతి? అప్పటికే రెండు హోములు చూసొచ్చాను. ఒకచోట అందరికీ ఒకే రంగు చొక్కాలు. ఇంకోచోట స్నానాల గదికి లోపల గడియే లేదు. రెండుచోట్ల నుంచీ ఏడుపుమొహంతో వెనక్కొచ్చాను. బాన్సువాడ పక్కన ఇలాంటివాళ్ళు ఆరుగురే ఉండే ఇల్లొకటి ఉందని మా కాలనీ నర్సమ్మ చెప్పగానే మర్నాడే శీనును బయలుదేరదీశాను. నాకు ఓపిక తక్కువ లెండి.

పొద్దున్న ఏడున్నరకు నిజామాబాదు బస్టాండులో వర్ని మీదుగా పోయే బస్సు దొరికింది. ఆడవాళ్ళకు ఉచితం కాబట్టి ఆధార్ కార్డు చూపిస్తే నాకు జీరో టికెట్. శీనుకు దివ్యాంగుల పాసు ఉంది, సగం చార్జీ. వర్ని దాటాక రోడ్డు పొడవునా చెరకు ట్రాక్టర్లే. ఒక్కోదాన్ని దాటినప్పుడల్లా శీను కిటికీలోంచి చెయ్యి ఊపుతుంటే, నేను అరిచి లోపలికి లాగుతూ కూర్చున్నాను. రెండు గంటల లోపే బాన్సువాడలో దిగాం. బస్టాండు ఎదురుగా వేడి ఇడ్లీ తిన్నాం, ప్లేటు ముప్పై రూపాయలు. ఆటో మాట్లాడబోతే అడ్రసు సరిగ్గా చెప్పడం నాకే రాలేదు. డ్రైవరు నవ్వాడు. "గా ఆరుగురుండే ఇల్లా? గట్ల చెప్పాలె గదా అక్కా. గాళ్ళు పొద్దుగాల పాలకొస్తరు, మాకు ఎరుకనే" అన్నాడు. కిరాయి వంద. నిజాంసాగర్ వైపు రోడ్డులో పావుగంట. ఊరివాళ్ళకు తెలిసిన ఇల్లు అనగానే నా ప్రాణం సగం కుదుటపడింది. ఇంతకుముందు చూసిన హోముల పేరు చెప్తే పక్క వీధివాళ్ళకే తెలియదు మరి.

మామూలు రేకుల వరండా ఉన్న పెంకుటిల్లు. తలుపు తీసింది ఆ ఇంట్లో ఉండే దేవ్‌సింగ్. దగ్గరి తండా మనిషి, నలభై దాటి ఉంటాయి. నన్ను పట్టించుకోలేదు. శీనును పైనుంచి కిందికి చూసి, "గీ మంచం ఖాళీగుంది. కిటికీ కాడిది నాది. అది ఇయ్య" అన్నాడు. నాకు ఒళ్ళు పులకరించిందంటే నమ్మండి! ఇవ్వనని అనగలిగే మనిషి ఉన్నాడంటే, ఆ ఇంట్లో అతని మాటకు విలువ ఉన్నట్టే కదా. నేను చేతిలో రాసుకెళ్ళిన ప్రశ్నల చిట్టా మడిచి సంచిలో పెట్టేశాను. తర్వాత దేవ్‌సింగే ఇల్లంతా తిప్పి చూపించాడు. ఎవరి పెట్టె వాళ్ళది, ఎవరి తాళంచెవి వాళ్ళ మెడలో. స్నానాల గదికి లోపల గడియ ఉంది. వేసి, తీసి, మళ్ళీ వేసి చూశాను. బయట నుంచి దేవ్‌సింగ్, "అయిందా?" అని విసుక్కున్నాడు.

పన్నెండున్నరకు భోజనాలు. వంట చేసేదీ, పగలంతా ఇంటిని చూసుకునేదీ సాయవ్వ. అరవై ఏళ్ళుంటాయి, మాట కరుకు. అన్నం, పప్పు, చారు, మామిడికాయ తొక్కు చాప మధ్యలో పెట్టింది. చేతులు వణికే ఒకాయనకు అంచు ఎత్తుగా ఉన్న పళ్ళెం ఇచ్చి, ఆయన పక్కనే కూర్చుంది. నేను ఎప్పటిలాగే శీను పళ్ళెం నా వైపు లాక్కుని, పప్పు గిన్నె అందుకుని అన్నం కలపబోయాను.

"కలపకు బిడ్డా" అంది సాయవ్వ. "ఈడ ఎవల పళ్ళెం ఆళ్ళదే. చేతకాకుంటే ఆయనే అడుగుతడు. నువ్వు ఆయన్ని అడిగినవా?"

పళ్ళెం మళ్ళీ శీను ముందుకు జరిపాను. పన్నెండేళ్ళలో అడగలేదు. శీను ఒకసారి నా మొహం చూశాడు, ఒకసారి గిన్నెలు చూశాడు. చారు గరిటె తీసుకుని పోసుకున్నాడు. సగం చాప మీద పడింది. దేవ్‌సింగ్ గుడ్డ అందించాడు, శీనే తుడిచాడు. తర్వాత చారన్నం తనే కలుపుకుని, తొక్కు నంజుకుని, రెండోసారి పెట్టించుకుని మరీ తిన్నాడు. పప్పు గిన్నె ముందుకు తోస్తే, "నాకొద్దు" అన్నాడు. రోజూ పప్పన్నం ముద్దలు చేసి పెట్టిన మహాతల్లిని నేనే! సిగ్గేసింది. సంతోషమూ ఆగలేదు. కళ్ళు తుడుచుకుంటూ తొక్కు ఘాటని సర్దిచెప్పాను.

లోపాలు లేవని చెప్పను. అడిగితే సాయవ్వ దాచలేదు. రాత్రిపూట చూసుకోవడానికి ఒక్క మనిషే ఉంటాడు, అది తక్కువేనంది. మామూలు జ్వరాలకు బాన్సువాడ దవాఖాన, ఫిట్సు లాంటివి వస్తే నిజామాబాదే దిక్కు. ఇంకో పద్ధతి కూడా చెప్పింది. కొత్త మనిషిని ముందు పదిహేను రోజులు ఉంచుకుంటారు. ఆ తర్వాత ఉంటాడో లేదో ఇంటివాళ్ళను కాదు, అతన్నే అడుగుతారు. శీను వచ్చే సోమవారం వస్తానని తనే చెప్పాడు, నన్ను అడక్కుండా.

నాలుగు గంటల బస్సుకు తిరుగు ప్రయాణం. దారిలో చాలాసేపు శీను పాటేదో పాడుకున్నాడు. నేను లోలోపల వెన్ను నొప్పి కూడా మర్చిపోయి, దుప్పటి ఏది పంపాలి, పెట్టె ఎక్కడ కొనాలి అని హడావుడి పడుతున్నాను. వర్ని దగ్గర శీను నా మోచెయ్యి పట్టుకుని, "అక్కా, నువ్వొచ్చినప్పుడు సాయవ్వను పప్పు వండమంట. నీకు పప్పంటే ఇష్టం గదా" అన్నాడు. పన్నెండేళ్ళూ నేను వాడి కోసం వండాననుకున్నాను. వాడు నా కోసం తిన్నాడు.

మంచి హోము ఏదని నన్నడిగితే ఇప్పుడు ఒకటే చెప్తాను. గోడలకు వేసిన రంగులు కాదు, అక్కడ మనవాళ్ళను ఏమేం అడుగుతున్నారో చూడండి. మనం ఇంట్లో అడగడం మానేసినవి అక్కడ అడిగితే, అది మంచి ఇల్లే. మీరూ ఇలాంటి ఇల్లు చూడ్డానికి వెళ్తే మీ మనిషిని తప్పకుండా వెంట తీసుకెళ్ళండి. సరిగ్గా భోజనం వేళకు చేరుకునే బస్సు ఎక్కండి. పళ్ళెం ముందుకొచ్చినప్పుడు మీ చేతులు మీ ఒళ్ళోనే పెట్టుకోండి.