క్లైవ్ గేటు దగ్గరి బ్రష్షు

మా లోయలో క్లైవ్ ప్రెంటిస్ పొలంలోకి అడుగుపెట్టాలంటే ముందు బూట్లు కడుక్కోవాలి. గేటు బయట కొయ్యకు ఓ గట్టి బ్రష్షు వేలాడేది, పక్కనే నీళ్ల బకెట్టు. పశువుల డాక్టరైనా, ఓట్లడగడానికొచ్చిన పెద్దమనిషైనా సరే, ఒంటికాలి మీద నిలబడి మట్టి గీకాల్సిందే. భార్య ఐరిస్ పోయిననాడు, ఆమెను తీసుకెళ్లడానికొచ్చిన బండి చక్రాలకు కూడా నీళ్లు కొట్టాడు మహానుభావుడు. నేను కళ్లారా చూశాను. కంచెకు ఇవతల పొలం మాదే.

ఇదంతా ప్యాటర్సన్ కర్స్ అనే ఊదాపూల కలుపు గురించి. చూడటానికి ముద్దుగానే ఉంటుంది. పచ్చికలో నాలుగు మొక్కలు దూరాయంటే కొన్నేళ్లకు గడ్డికి చోటుండదు, గుర్రాలు దాన్నే మేస్తూపోతే కాలేయం చెడి చస్తాయి. గింజలు ఏళ్ల తరబడి నేలలో కూర్చుని మన ఓపికను పరీక్షిస్తాయి. క్లైవ్ కొండ మీద మాత్రం ఒక్క మొక్క ఉండేది కాదు, ఆ సంగతి మేమెక్కడ మరిచిపోతామోనని అతనే గుర్తుచేస్తుండేవాడు. మా వాగు గట్టున కాసిని పూలు కనబడితే జరిమానాలు వేసే కలుపు ఇన్‌స్పెక్టరుకు ఫోన్ చేసి చెప్పిన పుణ్యాత్ముడూ అతనే. ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చి టీ తాగి, మా ఆయన లెస్‌తో తీరిగ్గా క్రికెట్ కబుర్లు చెప్పి వెళ్లాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

తర్వాత కరువొచ్చింది. ఎక్కడెక్కడి దాతలో లారీల మీద ఎండుగడ్డి పంపుతుంటే, క్లైవ్ ఊరి హాల్లో మమ్మల్ని కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చాడు. బయటినుంచి వచ్చిన గడ్డిలో ఏ గింజలుంటాయో తెలియదు కాబట్టి, ఇంటి పక్క చిన్న మడిలోనే పశువులకు వెయ్యాలట. వానలు పడ్డాక ఏం మొలిచినా అక్కడే మొలుస్తుంది, అక్కడే పీకెయ్యొచ్చు. ఆవలిస్తూ విన్నాం గానీ, అందరం అలాగే చేశాం. తను మాత్రం ఆ గడ్డి జోలికే పోలేదు. కరువులోనూ పచ్చగా ఉండే కుర్రజాంగ్ చెట్ల కొమ్మలు నరికి ఆవులకు మేపుతూ నెట్టుకొచ్చాడు. ఆ ఎర్రావులు ఐరిస్ పెంచిన మంద. ఒక్కోదానికి ఆమె పెట్టిన పేరుంది, అతనికి పేర్లన్నీ నోటికొచ్చు.

చివరికి నరకడానికి కొమ్మల్లేకుండా పోయాయి. ఇక తప్పక ఒక లారీ గడ్డి దింపించుకున్నాడు, తన మడిలోనే, తన పద్ధతి ప్రకారమే. కానీ మంద అప్పటికి కొండ మీద కూలబడి ఉంది. పిలిచాడు, అదిలించాడు, ముసలావు పెట్యూనియాను తోక పట్టి లేపాడు. అది రెండడుగులు వేసి మళ్లీ పడిపోయింది. మడి గేటు దగ్గర ట్రాక్టరు ఆపుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు. ఆ తర్వాత గడ్డి మోపులు ఎక్కించుకుని కొండెక్కడం మొదలుపెట్టాడు.

నేను ఊరుకుంటానా? కంచె దగ్గరికి వెళ్లాను.

"ఏంటి క్లైవ్, గడ్డి మడిలోనే వెయ్యాలని ఎవరో పెద్దమనిషి చెప్పినట్టు గుర్తు."

"అవి దిగి రాలేవు బెవ్," అన్నాడు, నా మొహం చూడకుండా.

ఆవులు ఎక్కడ పడి ఉంటే అక్కడికే మోశాడు. గాలికి గడ్డి కొండంతా ఎగిరింది. వానలు పడేదాకా రోజూ అదే పని. మంద బతికింది, పెట్యూనియాతో సహా.

వసంతం వచ్చేసరికి కొండ మొత్తం ఊదారంగు. దారినపోయే నగరం వాళ్లు కార్లాపి, క్లైవ్ కంచెకు ఆనుకుని ఫొటోలు దిగడం మొదలెట్టారు. ఓ అమ్మాయి ఎంత అందంగా ఉందో అని మురిసిపోయి, ఇదంతా మీరే నాటారా అని అతన్నే అడిగింది. "అవునమ్మా, నేనే నాటాను," అన్నాడు.

వాగు గట్టు సంగతి నేనేం మరిచిపోలేదు. లోపలికెళ్లి ఇన్‌స్పెక్టరుకు ఫోన్ చేశాను. ఆ కొండ గురించి అప్పటికే ఫిర్యాదు వచ్చిందన్నాడు. ఎవరిచ్చారంటే చెప్పకూడదంటూ నసిగి చెప్పేశాడు. క్లైవేనట. నా ఉత్సాహమంతా నీరుగారిపోయింది.

మర్నాడు పారలు పట్టుకుని నేనూ లెస్సూ వెళ్లాం. గేటు బయట కొయ్యకు బ్రష్షు లేదు, పక్కన బకెట్టూ లేదు. ఇన్నేళ్లకు మట్టికాళ్లతో ఈ పొలంలో అడుగుపెట్టానని లెస్‌తో అన్నాను, కాస్త గర్వంగానే. క్లైవ్ అప్పటికే వంగి మొక్కలు తవ్వుతున్నాడు. పైవాలు మాకు చూపించి తను కిందికి జరిగాడు. సాయంత్రం దాకా ముగ్గురం తవ్వితే, కొండ మీద ఓ దుప్పటంత మేర కూడా శుభ్రం కాలేదు. ఎర్రావులు మాత్రం మా చుట్టూ నింపాదిగా మేస్తున్నాయి.

బయల్దేరి గేటు దాకా వచ్చాం.

"ఆగు బెవ్," అని వెనకనుంచి వచ్చాడు క్లైవ్.

బ్రష్షు అక్కడే ఉంది, గేటుకు లోపలివైపు. బకెట్టు నిండా నీళ్లున్నాయి.

"నా మట్టి మీ పొలంలోకి పోకూడదు. కాలెత్తు."

ఒంటికాలి మీద నిలబడ్డాను. ఆ మొండి ముసలాయన మోకాళ్ల మీద కూర్చుని నా బూటు తనే గీకుతుంటే నాకు ఏడుపొచ్చింది. పడిపోకుండా అతని భుజం పట్టుకున్నాను.

"రెండోది," అన్నాడు.