ఆమెన్ అంటే వదలాలి

నవ్వకూడని చోటే నాకు నవ్వొస్తుంది. పెళ్లిచూపుల్లో నవ్వాను. పెళ్లయ్యాక మావగారు ప్రార్థన చేస్తుంటే కూడా నవ్వాను. ఆయన నెల్లిమర్లలో మా చర్చికి పెద్ద. అలాంటి ఇంటికి కోడలిగా వచ్చి, సండే స్కూలు పిల్లలకు గాలం విసరడం నేర్పిన ఘనత నాదే.

హుద్‌హుద్ తుఫానుకి చర్చి ఆవరణలో చెట్లన్నీ పడిపోయాయి. మరుసటి వేసవిలో ఆ ఖాళీ జాగా చూస్తుంటే, చిన్నప్పుడు మా నాన్నతో చంపావతి ఒడ్డున గాలాలేసిన రోజులు గుర్తొచ్చి చేతులు ఊరుకోలేదు. ఏటా వేసవిలో కొత్తవలస సండే స్కూలు పిల్లలు మా దగ్గరికొస్తారు. సరదాగా ఆటల పోటీలు పెడతాం. ఎప్పుడూ అవే పరుగులు, అదే నిమ్మకాయ-చెంచా. ఈసారి గాలాల పోటీ పెడదామన్నాను. చేపలుండవు, కొక్కెం ఉండదు. దారం చివర రబ్బరు బిరడా కట్టి, దూరంగా నేలమీద పెట్టిన పాత స్కూటర్ టైరులో పడేలా విసరాలి, అంతే. కొత్తవలస టీచరుకి ఫోన్ చేస్తే ఎగిరి గంతేశాడు. అతనికీ గాలం పిచ్చి ఉందట.

మావగారు మాత్రం ప్రార్థన చేసుకునే చోట గాలాలేమిటన్నారు. ప్రభువు శిష్యులు చేపలు పట్టేవాళ్లే కదా మావయ్యా అన్నాను.

"ఆళ్లు వలలేసినారమ్మా. గాలాలు కావు."

చివరికి ఒప్పుకున్నారు గానీ షరతు పెట్టారు. ఏ చిన్న గొడవ జరిగినా ఆట అక్కడితో బందు.

గొడవ జరగకూడదని నేను కోరుకోవడానికి కారణం మా తోటికోడలి కూతురు. తొమ్మిదేళ్ల పిల్ల, బొద్దుగా ఉంటుంది. పరుగు పందెంలో అందరూ మంచినీళ్లు తాగి కూర్చున్నాక చేరుతుంది. గెలిచినవాళ్లను మైకులో పేరు పెట్టి పిలవడం మా దగ్గర ఆనవాయితీ. ఆ పిల్ల పేరు ఒక్కసారీ పిలవలేదు. గాలం చేతికిచ్చిన మొదటిరోజే నా చెవిలో గుసగుసగా చెప్పింది.

"బహుమతి అక్కర్లేదు పిన్నీ. మైకులో నా పేరు ఇనాల."

దీని పేరు పిలిపించకపోతే నేను నా పేరు మార్చుకుంటాననుకున్నాను.

విశాఖలో పనిచేసే మా తమ్ముడు రీళ్లున్న గాలాలు తెచ్చిచ్చాడు. విసరడం చెప్పడానికి తేలికే. దారాన్ని చూపుడువేలితో నొక్కిపట్టి, కర్రని చెవిదాకా వెనక్కి తీసుకెళ్లి, ముందుకు ఊపుతూ సరైన క్షణంలో వేలు వదలాలి. తొందరపడితే బిరడా ఆకాశానికి పోతుంది, ఆలస్యమైతే కాళ్ల దగ్గర పడుతుంది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడితే ఒకడు రెండుకే వదిలేసేవాడు, ఇంకొకడు మూడయ్యాక ఆలోచనలో పడేవాడు. ఈ పిల్లలంతా ఒకే క్షణంలో, ఒకే గొంతుతో అనే మాట ఏదైనా ఉందా అని బుర్ర గోక్కుంటే తట్టింది. స్తోత్రం అంటే కర్ర వెనక్కి. ఆమెన్ అంటే వేలు వదలాలి.

వారం తిరగకుండా అందరికీ కుదిరిపోయింది. మా బొద్దుపిల్ల బిరడా అయితే వెళ్లి టైరులోనే కూర్చునేది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పోటీ రోజు కొత్తవలస వాళ్లు పాసింజరు దిగి వచ్చారు. షామియానా వేశాం, బిర్యానీ గుండిగ దించాం. రెండు జట్లూ గాలాలు పట్టుకుని వరసగా నిలబడ్డాయి. వాళ్లకి ఎదురుగా, టైర్ల పక్కన నిలబడి, మావగారు మైకు అందుకున్నారు. ప్రార్థనతో మొదలుపెడదామన్నారు. అందరం కళ్లు మూసుకున్నాం.

"నీకు స్తోత్రం తండ్రీ," అన్నారు.

సర్రుమని చప్పుడైంది. ఒక కన్ను తెరిచాను. మా పిల్లలంతా కళ్లు మూసుకునే కర్రలు చెవులదాకా తీసుకెళ్లి సిద్ధంగా ఉన్నారు. సైగలు చేశాను, ఎవరు చూస్తారు? ఆయన తీరిగ్గా రైలు కోసం, ఎండ కోసం, బిర్యానీ కోసం స్తోత్రాలు చెల్లిస్తున్నారు. పిల్లల చేతులు వణుకుతున్నాయి. నాకు భయం కంటే నవ్వే ఎక్కువై కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆమెన్ అన్నారు.

ఒక బిరడా గుండిగ మూతకి ఖంగున తగిలింది. ఒకటి షామియానా ఎక్కింది. ఇంకొకటి మావగారి భుజం మీదుగా పోయి, దారం ఆయన మెడకి దండలా చుట్టుకుంది. కొత్తవలస పిల్లలు నోళ్లు తెరిచారు. వాళ్ల టీచరు పొట్ట పట్టుకుని నేలమీద కూలబడ్డాడు. నేను కొంగు వదిలేసి కళ్లనీళ్లొచ్చేలా నవ్వాను.

మెడలో దారం విప్పుకుంటూ మావగారు ఇంక బందు అన్నారు. నా నవ్వు ఠక్కున ఆగిపోయింది. మా పిల్ల మైకు వంకే చూస్తోంది.

ఇంతదూరం వచ్చాం పెద్దాయనా అని కొత్తవలస టీచరు బతిమాలాడు. అతిథి మాట కాదనలేక మావగారు మెత్తబడ్డారు గానీ ఇంకో షరతు తగిలించారు. నా చిట్కా సంగతి తెలిసిపోయింది కాబట్టి, ఆటలో పిల్లల నోట స్తోత్రం, ఆమెన్ అన్న మాటలు రాకూడదు.

దాంతో మా పని అయిపోయింది. మాట లేకపోతే మావాళ్లకి వేలు వదలడం రాదు. ఒక్కొక్కరి బిరడా కాళ్ల దగ్గరే పడుతోంది. అవతల కొత్తవలస వాళ్లది ఒకటి టైరు అంచుకి తగిలి, పక్కనే ఆగింది. ఆఖరికి మా పిల్ల వంతు వచ్చింది. గాలం పట్టుకుని నిలబడింది, విసరదు. పెదాలు బిగించింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు వాళ్ల తాత వైపు తిరిగింది.

"నేననను తాతా. నువ్వు సెప్పు."

మావగారు అటు చూశారు, ఇటు చూశారు. గొంతు సవరించుకున్నారు. మైకు చేతిలోనే ఉందని మరిచిపోయినట్టున్నారు, ఆ చప్పుడు వీధిదాకా వినిపించింది. మెల్లిగా స్తోత్రం అన్నారు. కర్ర వెనక్కి వెళ్లింది. ఆమెన్ అన్నారు. బిరడా టైరు మధ్యలో పడింది.

మనవరాలి పేరు ఆయనే మైకులో పిలిచారు. పిల్ల కదల్లేదు. మళ్లీ పిలిచారు, ఈసారి ఇంటిపేరుతో సహా. అయినా గాలం పట్టుకుని అలాగే నిలబడింది. వినపడలేదేమోనని భుజం తట్టి, వెళ్లవేమే అన్నాను.

"ఉండు పిన్నీ," అంది, కళ్లు మూసుకుని. "ఇంకోపాలి పిలుస్తాడేమో."