సెల్లార్ మూలన తూము

దయ్యాలను నమ్మేవాళ్లంటే నాకు కోపం. మూడో తరగతిలోనే బడి మానేసి, పాత పుస్తకాలతో సొంతంగా చదువుకున్నవాణ్ణి. కళ్లతో చూడనిది ఒప్పుకోను. ఇది మాత్రం కళ్లతో చూశాను. అదే నా బాధ.

తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులు. గడ్డిఅన్నారంలో మా ఇంటి కింద సెల్లార్‌లో, నౌకరీ పరీక్షలకు చదివే పిల్లల కోసం పఠన మందిరం పెట్టాలని నా పట్టుదల. వాన పడితే చాలు, అందులో మోకాటిలోతు నీళ్లు. గోడలకు లోపలి నుంచి రెండుసార్లు నీటి ఊట ఆపే మందు పూయించాను. రెండుసార్లూ పొక్కులు లేచి ఊడిపోయింది. ఆ మందు డబ్బా మీద రాసిన గొప్పలు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా ఆవిడ రాములమ్మ విసిగిపోయింది. ఈసారీ నీళ్లొస్తే సెల్లార్‌ను మొరం మట్టితో పూడ్చేయాల్సిందేనని తేల్చేసింది.

మూడోసారి మందు పూయడానికి వచ్చిన మేస్త్రి సూరిబాబు కోనసీమవాడు, చంపాపేట్‌లో స్థిరపడ్డాడు. సమ్మె వల్ల బస్సుల్లేక నడిచొచ్చాడు. దారి పొడుగునా నన్నే తిట్టుకుంటూ వచ్చాడట, నవ్వుతూ చెప్పాడు.

మధ్యాహ్నం నీళ్లు తోడేసి గోడ గీకుతున్నాం. తూర్పు మూలన ఒక ముసలామె నిలబడి ఉంది. పక్కింటివాళ్ల చుట్టమనుకున్నాను. కర్రతో నేలను పొడిచి చూపించింది.

"గోడనెందుకు కొడ్తవు బిడ్డా? తూము లేకుంటే చెరువు కట్ట ఆగుతదా? గీడ నీళ్లకు తొవ్వ ఇయ్యి."

అచ్చం మా సొంతూరు నల్లగొండ యాస. తలూపాను. సూరిబాబూ తలూపాడు. చెమట తుడుచుకుని చూసేసరికి మూల ఖాళీ. నేను చెప్పకుండానే అతను గీకుతున్న బ్రష్ పక్కన పడేసి గునపం అందుకున్నాడు.

జానెడు తవ్వగానే ఊట పొంగింది. అక్కడే గుంత కట్టి, గోడల వెంట సన్న కాలువ తీసి అందులో కలిపాం. మోటారుతో నీళ్లను బయటి మోరీలోకి ఎత్తిపోశాం. ఆ వారమే వాన దంచికొట్టింది. సెల్లార్ నేల పొడిగా ఉంది. నేనూ సూరిబాబూ చెప్పుల్లేకుండా అటూ ఇటూ తిరిగి పిల్లల్లా నవ్వుకున్నాం.

చాయ్ తాగుతూ, మా నల్లగొండ ముసలామెకున్న తెలివి మీ డబ్బాల కంపెనీలకు లేదన్నాను.

"నల్లగొండేంటండీ బాబూ? 'ఇక్కడ దారివ్వు నాయనా' అంది. అచ్చం మా అమలాపురం మాట."

"'తొవ్వ ఇయ్యి బిడ్డా' అన్నది. నా చెవులేమన్న పోయినయా?"

రాములమ్మనే అడిగాం. ఆమె అప్పుడు అంతసేపూ మెట్ల మీదే నిలబడి ఉంది.

"ఆడ మీరిద్దరే ఉన్నరు. ఖాళీ మూలకు తలలూపుతుంటే, ఇద్దరు కలిసి తాగిన్రేమో అనుకున్న."

రాష్ట్రం వచ్చింది. సూరిబాబు ఇప్పటికీ వస్తాడు. ఆమె ఎవరో, లోపలికి ఎట్లా వచ్చిందో నాకు అంతుబట్టలేదు. ఏ యాసలో మాట్లాడిందనే తగాదా మాత్రం వచ్చినప్పుడల్లా మొదలవుతుంది. మా గొంతులు పెరిగితే, కింద చదువుకునే పిల్లల్లో ఒకరు మెట్లెక్కి వచ్చి, "తాతా, జర మెల్లగ మాట్లాడుండ్రి" అని చెప్పి పోతారు.