టైలరు కాలు, కారు బ్రేకు

ఆ రోజుల్లో గల్ఫులో, షార్జాకు కొండల అవతలున్న కల్బా ఊరు మొత్తానికీ బ్రేకుల మర్మం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. గ్యారేజీ వాళ్లు చేతులెత్తేసిన బళ్లు నా గది ముందు వరసకట్టేవి. (రాసి చూసుకుంటే కాస్త సాగినట్టే ఉంది. ఎవరూ చేతులెత్తలేదు. వరసలో ఉన్నది ఒకే బండి, అదీ నాదే.) ఇటుకల ఫ్యాక్టరీలో స్టోర్ కీపరుగా సిమెంటు దుమ్ములో బతుకుతున్న నాకు నలభై దాటాక లైసెన్సూ, ఒక పాత కారూ ఒకే ఏడాది చేతికొచ్చాయి. నలభై కూడా పడుచుతనమేనని ఇప్పుడు తెలుస్తోంది.

ఒక శుక్రవారం సాయంత్రం మా ఆవిడా, పదేళ్ల అమ్మాయీ మొదటిసారి విజిట్ వీసా మీద షార్జాలో దిగబోతున్నారు. "మన కారులోనే కొండల మధ్య నుంచి తీసుకొస్తాను" అని ఫోనులో ఏడాదిగా ఊరిస్తున్నాను. కల్బా రావాలంటే కొండ దిగాలి, దిగాలంటే బ్రేకులుండాలి. నావి కీచుమంటున్నాయి. ఆ ఉదయం ముందు చక్రాలకు కొత్త ప్యాడ్లు నేనే వేశాను. దానికి ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్‌ను కాస్త పైకెత్తితే చాలు. నేను ఆయిలు పైపులు కూడా విప్పేసి, రెండు కాలిపర్లనూ బయటికి తీసి, పేపరు మీద పెట్టి ఎర్ర రంగు వేశాను. (చక్రం సందుల్లోంచి ఎర్రగా కనిపిస్తే అమ్మాయి ముచ్చటపడుతుందని.) ఆరాక బిగించి పెడల్ తొక్కితే, తడి దూదిలో దిగినట్టు కాలు నేలదాకా పోయింది.

పైపుల్లో గాలి దూరింది. అది పోవాలంటే ఒకరు పెడల్ నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం దగ్గర కాలిపర్‌కున్న చిన్న మర, నిపిల్, వదులుచేసి, గాలి వదిలి, మళ్లీ బిగించాలి. ఆ తర్వాతే కాలు తీయాలి. నాతో గదిలో ఉండే నెల్లూరు టైలరు భాయ్‌ని సీట్లో కూర్చోబెట్టాను. ఏళ్ల తరబడి మిషను తొక్కిన కాలు అది. 'నొక్కు' అంటే టకటకా తొక్కుకుంటూ పోయేది.

"భాయ్, నువ్వు ప్యాంటు కుట్టట్లేదు. నొక్కి ఉంచు."

"ఉంచే అలవాటు లేదన్నా. కాలు ఆగితే షాపు నడిపే ముదీర్ అరుస్తాడు మాకు."

చివరికి నేర్చుకున్నాడు. ఆయిలు డబ్బా అడుగంటుతోంది, పెడల్ మాత్రం దూదే. శుక్రవారం సెలవు, గ్యారేజీలన్నీ మూత. కొండ దిగుడూ, వెనక సీట్లో అమ్మాయి మొహమూ కళ్ల ముందు మెదులుతున్నాయి. ఎవరినో ఒకరిని అనాలి కనక, తప్పంతా భాయ్ కాలిదేనని తేల్చేశాను. అతను స్నానం చేసి, బట్టలు మార్చుకుని నమాజుకు వెళ్లిపోయాడు.

తిరిగొచ్చి, తెల్ల కుర్తా అంచు మట్టికి తగలకుండా పట్టుకుని, కాలిపర్ దగ్గర వంగాడు. తర్వాత అటు పక్కకెళ్లి అక్కడా వంగాడు.

"అన్నా, ఆయిల్లో గాలి బుడగ పైకి తేలతాదా, కిందికి దిగతాదా?"

"పైకే."

"మరి నువ్వు తిప్పే నిపిల్ కిందుండాదే. రెండు పక్కలా అట్టనే ఉండాది. కుడి చెయ్యి ఎడమకి, ఎడమ చెయ్యి కుడికి కుట్టేసినావు. కొత్తలో నేనూ ఒక అరబ్బీ పొడుగు చొక్కాకి, కందూరాకి, ఇట్టనే కుట్టి తిట్లు తిన్నా. విప్పి మార్చు, ఖలాస్."

రంగు ఆరబెట్టినప్పుడు కుడి ఎడమ కాలిపర్లు తారుమారయ్యాయన్నమాట. మార్చి బిగించేసరికి నిపిల్ పైకొచ్చింది. భాయ్ నాలుగుసార్లు నొక్కేసరికి గాలంతా బుసబుసా పోయి పెడల్ రాయిలా నిలబడింది. అతని కాలికి క్షమాపణ చెప్పుకున్నాను. "కాలికెందుకన్నా, యల్లా, పద, వదిన దిగే వేళయింది" అన్నాడు. మెకానిక్కు కానివాడు, నా చేత నానా మాటలూ పడ్డవాడు, మళ్లీ వచ్చి వంగి చూశాడు. చూడకపోతే ఆ కొండ మీద ఏమయ్యేదో ఇప్పటికీ ఊహించబుద్ధి కాదు.

ఆ సాయంత్రం మా ఆవిణ్ణీ, అమ్మాయినీ నా కారెక్కించుకుని, మలుపుల్లో ఒంటి చేత్తో స్టీరింగు తిప్పుతూ, పూలబుట్ట దించినట్టు కల్బాలో దించాను. ఇంతవరకు రాసి మా ఆవిడకు చూపించాను. కళ్లజోడు సవరించుకుని చదివింది.

"మమ్మల్ని ఎయిర్‌పోర్టు బయట టాక్సీ ఎక్కించారు. బ్రేకు బాగయింది గానీ మీకే ధైర్యం చాలలేదు. మీ కారులో వచ్చినవి మా పెట్టెలు. మీ పక్కన కూర్చుని వచ్చింది ఆ భాయ్ ఒక్కడే. ముందు ఆ మాట రాయండి."